బెర్తు నంబరు ఎనిమిది

ముప్పై ఒక్కేళ్ళు పోర్టులో ఉన్నాను.
ఇప్పుడు పోర్టు నాలో ఉంది,
కుడి భుజం ఎముక కింద, చర్మం లోపల,
రూపాయి బిళ్ళంత.
దానికి సూది తగిలిస్తే
సరుకు నేరుగా గుండె గుమ్మంలోకే.
రిటైరైన టాలీ గుమస్తాకి
ఇంతకంటే మర్యాద ఏం చేస్తారు?

పొద్దున్నే కోటవీధి చివర ఆటో ఎక్కాం.
అద్దంలో నా గుండు చూసి కుర్రాడు
"అప్పన్న కొండకెళ్ళొచ్చారేటి బాబూ,
మొక్కు తీరిపోనాదా?" అన్నాడు.
"మొక్కు కాదురా, అడ్వాన్సు" అన్నాను.
కనుబొమలు కూడా ఇచ్చేశారేటని అడగలేదు, మంచోడు.
హైమవతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.
ఎందుకో చూడలేదు,
నవ్వు కిందే జమ రాసుకున్నాను.

అగనంపూడిలో బరువు చూశారు.
అరవై రెండు. కిందటిసారి అరవై నాలుగు.
రెండు కిలోలు తరుగు.
ఓడ కెప్టెనైతే సంతకం పెట్టనని పేచీ పడేవాడు.
నేను పెట్టేశాను.

కుర్చీ నంబరు ఎనిమిది. లంగరు వేశాం.
సిస్టర్ గొర్లె మంగవేణి, పలాస పిల్ల,
టగ్గు పడవలా ట్రాలీ తోసుకొచ్చి
"నొప్పెడితే సెప్పాల, తాతగారూ" అంది.
"పెట్టకపోతే?"
"అప్పుడూ సెప్పాల.
నాకు మాత్రం ఓ మంచి మాట ఇనాలనుండదా?"

ముందు సెలైను, ఆనక వాంతుల మందు,
ఆనక వచ్చింది ఎర్రది.
రెండేసి గ్లౌజులు తొడుక్కుని పట్టుకొచ్చింది దాన్ని.
చూడ్డానికి పూర్ణా మార్కెట్ బండి మీది రోజ్ సిరప్.
ఆమె చేతి మీద పడితే ప్రమాదమట,
నా లోపల పడితే వైద్యమట.
ఈ లెక్క నాకు ఏ టాలీ షీట్లోనూ కుదరలేదు.
"రేపటిదాకా ఒంటేలు ఎర్రగా అవుద్ది, కంగారు పడకండి."
"ఇనుప ఖనిజం బెర్తులో పనిచేసినోణ్ణమ్మా.
తుమ్మితే ఎరుపు, చొక్కా ఉతికితే ఎరుపు.
ఒంటేలొక్కటే బాకీ."

తొమ్మిదిలో వాసుపల్లి ఎర్రమ్మ, పెదజాలారిపేట.
ఆమెకి నీళ్ళలాంటి తెల్ల మందు.
"ఎర్రమ్మనేమో నాను, ఎర్ర మందు ఈ బాబుకా?
ఇదేటి నాయం?" అని డాక్టర్ని నిలదీసింది.
ఆయన ఫైలు తిరగేస్తున్నట్టు నటించాడు.

చుక్కలు లెక్కపెట్టాను. అలవాటు.
నలభై మూడు వేల యూరియా బస్తాల ఓడకి
మూడంటే మూడే తేడా వచ్చిన చెయ్యి ఇది.
రెండొందల పదిహేడు దగ్గర కన్నంటుకుంది.
లేచి మళ్ళీ ఒకటి నుంచి మొదలెడితే
"డూటీలో నిద్రా? మెమో ఇస్తాను" అంది మంగవేణి.

పదకొండో కుర్చీ ఖాళీ.
కిందటిసారి అక్కడ అరకు లెక్కల మాస్టారు,
పేపర్లో సుడోకు పెన్నుతో నింపేవారు,
ఒక్క కొట్టివేత లేకుండా.
ఎవరూ అడగలేదు.
మంగవేణి ఆ కుర్చీని రెండుసార్లు తుడిచింది.
ఎర్రమ్మ అటు చూసి, ఇటు తిరిగి,
సంచీలోంచి కాగితం పొట్లం తీసి నా ఒళ్ళో పడేసింది.
ఎండు నెత్తళ్ళు.
వార్డు వార్డంతా ముక్కు మూసుకుంది.
నాకే ఏ వాసనా లేదు.

మూడింటికి లంగరు ఎత్తాం.
గాజువాక దాటాక ఒకసారి ఆటో ఆపించి
రోడ్డు పక్కన...
అది రాయను.
రవాణాలో నష్టం కింద వేసుకోండి.

చీకటి పడ్డాక మేడ మీదికెక్కితే
డాల్ఫిన్ నోస్ అవతల నాలుగు ఓడలు,
దీపాలు పెట్టుకుని, బెర్తు కోసం.
వాటికి తెలీదు ఇంకెన్నాళ్ళో.
నాకు తెలుసు, ఇరవై ఒక్క రోజులు.
కాస్త గొప్పగానే అనిపించింది.

హైమవతి నెత్తళ్ళు వేయించింది.
మొదటి ముద్ద తుప్పు మేకు.
రెండోదీ మేకే.
మూడోది నవులుతూ, ఆగి,
"ఉప్పెక్కువైందే" అన్నాను.
ముప్పై ఆరేళ్ళుగా ఆ మాటకి గరిట విసిరే మనిషి
గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయి
"ఏదీ, మళ్ళీ అనండి" అంది.